రెండో సాక్షి

ఎడిన్‌బరా,
1972 మార్చి 14

ఇనా వదినకు,

ముందు శుభవార్త. మన పావురాల మేడ రక్షిత కట్టడాల జాబితాకెక్కింది! నిన్న మా ఆఫీసు పెద్దాయన సంతకం పెట్టారు. బి తరగతి. ఈ పాత కట్టడాల ఆఫీసులో చేరాక నేను సొంతంగా తిరిగి చూసి రాసిన మొదటి ఊరు మన బల్‌ఫెర్న్ కావడం నా అదృష్టం. చర్చి, వెనకటివాళ్ళు శవాల దొంగల కోసం కాపలా కాసిన గది, వాగు మీద వంతెన, పిండిమర, మన పొలంలో మేడ. వీటిలో ఒక్క రాయిని కూడా ఇక ఎవరూ అనుమతి లేకుండా కదపకూడదు.

గిబ్ అన్నయ్యకు కోపం వస్తుందని తెలుసు. కోత మిషను తిప్పడానికి జాగా చాలడం లేదని, మేడ పడగొడతానని ఎప్పటినుంచో అంటున్నాడు. భార్యవి, నువ్వే సర్దిచెప్పాలి. పావురాల మేడ కూలిస్తే ఆ ఇంటి ఇల్లాలు ఏడాది తిరక్కుండా పోతుందని మన వైపు నమ్మకం కదా. నేను నమ్మను. అయినా సంతకం పడ్డప్పుడు నీ ప్రాణానికి కూడా కంచె వేసినట్టు అనిపించి సంతోషించాను.

ఆఫీసు నుంచి విడిగా ఉత్తరం వస్తుంది. గోడలు, పైకప్పు రాతి పలకలు, లోపల నడిమి స్తంభం చుట్టూ తిరిగే నిచ్చెన, తలుపు, దాని ఇనప గడియ, అన్నీ పనిచేసే స్థితిలో ఉంచాలని అందులో ఉంటుంది. ఆ గడియ చాలా పాతది. అలాంటిది జిల్లాలో మరొకటి లేదు.

నేను కొలతలకి వచ్చినప్పుడు నువ్వు పై గదిలోంచి దిగనే లేదు. పంటినొప్పి అన్నాడు అన్నయ్య. తగ్గిందా?

నీ ఆడపడుచు,
ఎఫీ


బల్‌ఫెర్న్,
మార్చి 24

జాబితాల పిల్లకి,

నీ ఆఫీసు ఉత్తరం వచ్చింది. మీ అన్న ఓట్స్ జావ తాగుతూ చదివాడు. జావ గిన్నె నా చెవి పక్కనుంచి పోయి గోడకి తగిలింది. గోడకేం కాలేదులే. అయినా ఆ గోడ నీ జాబితాలో లేదు, నీకు బెంగ అక్కర్లేదు.

"నా రెక్కల కష్టంతో చదువుకుని నా పొలం మీదకే చట్టం పంపిస్తుందా? ఇదంతా నువ్వు నూరిపోసిందేనే!" అన్నాడు. నేను నూరిపోశానట. నాకంత తెలివుంటే మీ అన్నని చేసుకుందునా?

సాయంత్రం పక్క పొలం వుల్ లామంట్ టోపీ తీసి చేత్తో పట్టుకుని మరీ వచ్చాడు. "ఇనమ్మా, మేడ పడనివ్వం. పడితే పోయేది నువ్వు. ఊరంతా అండగా ఉంటాం" అన్నాడు. మా వంటింటికీ వాళ్ళ పశువుల కొట్టానికీ మధ్య ఉన్నది ఒక్క కంచె. ఇటుపక్క ఏం పగిలినా ఆయనకి వినపడదు. రాయి కదిలితే మాత్రం వినపడుతుంది.

మంచి ఊళ్ళో పుట్టావే పిల్లా. చచ్చినవాళ్ళకి కాపలా గది, పావురాలకి చట్టం. మేం ఫెర్రీడెన్ బెస్తవాళ్ళం, మాకు పడవలు తప్ప ఏమీ తెలీదు. బి తరగతంటే ఏమిటో చెప్పు. నన్ను కొలిస్తే ఏ తరగతిలో వేస్తారు? ముందుభాగం కొంత కూలింది, పునాది గట్టిదే.

పంటినొప్పి తగ్గింది. పన్నే లేదు, ఇంక నొప్పేముంది.

ఇనా


ఎడిన్‌బరా,
ఏప్రిల్ 3

ఇనా వదినకు,

నీ ఉత్తరం చదివి పగలబడి నవ్వాను. ముందుభాగం కూలిందన్న మాట మా గదిలోవాళ్ళకీ చదివి వినిపించాను. పన్ను పీకించుకుని మంచిపని చేశావు. పుచ్చిపన్ను ఉంచుకోకూడదు. ఫోర్ఫర్లో కట్టుడుపళ్ళు బాగా చేస్తారట.

కానీ ఒక విషయం నన్ను బాధపెడుతోంది. వుల్ లామంట్ మా ఆఫీసుకు రాశాడు. ట్రాక్టరు తగిలి మేడ మూలరాయి చెక్కుపోయిందట. అది వింటే నాకే దెబ్బ తగిలినట్టుంది. అన్నయ్య కావాలని చేశాడని వుల్ రాశాడు. నేను నమ్మను. మా నాన్నలాగే అన్నయ్యది కూడా గాలివాన కోపం, వచ్చి పోతుంది. గాయం ఎంత లోతుందో కాస్త చూసి రాయి. వాన నీరు దిగకముందే సున్నం పెట్టించాలి.

ఎఫీ


బల్‌ఫెర్న్,
ఏప్రిల్ 9

ఎఫీ,

ఈసారి పరాచికాలు లేవు. చదువుకున్నదానివి, విప్పి చెప్పకుండానే అందుకుంటావనుకున్నాను.

పన్ను నేను పీకించుకోలేదు. మీ అన్న గుద్దితే ఊడింది. నువ్వు కింద టేపు పట్టుకుని మేడ చుట్టూ తిరుగుతుంటే, నేను పైన నోట్లో గుడ్డ కుక్కుకుని రక్తం ఆపుకుంటున్నాను. మూలరాయి చెక్కుపోయింది ట్రాక్టరుతోనే. ఆ రాయికి ఆనుకుని నేను నిలబడి ఉన్నాను. ఆఖరు క్షణంలో పక్కకి దూకాను. వుల్‌కి రాయి మీద గాటు కనపడింది. కంచె అవతల నిలబడి చూశాడు కదా, నేను బురదలో పడి ఉండడం కనపడలేదట.

పెళ్ళయిన రెండో ఏడు నుంచీ ఇంతే. గుర్రపు పట్టీ, బొగ్గుల పార, ఏదీ దొరక్కపోతే తలుపు. తలుపు సందులో వేళ్ళు పెట్టించి మూస్తాడు. మళ్ళీ తనే కట్టు కడతాడు. ఏడుస్తాడు కూడా. ఆ ఏడుపు చూసే ఇన్నాళ్ళు ఉన్నాను.

పోయిన చలికాలం కానిస్టేబుల్ మెల్‌డ్రమ్ దగ్గరికెళ్ళాను. టీ ఇచ్చాడు. "చూడు తల్లీ, మన స్కాట్లండ్ చట్టంలో ఒక్క మనిషి మాట చెల్లదు. రెండో సాక్షి కావాలి. ఎవరైనా చూశారా?" అన్నాడు.

"చూసేవాళ్ళుంటే ఎవడు కొడతాడయ్యా?" అన్నాను.

"అదీ నిజమే" అని బిస్కట్టు పళ్ళెం నా వైపు జరిపాడు.

అందుకని అడుగుతున్నాను. సెలవు పెట్టి రా. వంటింట్లో నా పక్కన కూర్చో. నువ్వున్నావని నాలుగు రోజులు ఓర్చుకుంటాడు, ఆ తర్వాత మర్చిపోతాడు. అప్పుడు చూడు. చూశానని మెల్‌డ్రమ్‌కి చెప్పు. నాకు ఇంకేమీ వద్దు. రెండో సాక్షివి నువ్వు కావాలి. లేకపోతే ఏడాదిలోపు నేను పోతాను ఎఫీ, మేడ నిలబడి ఉన్నా సరే.

ఇనా


ఎడిన్‌బరా,
ఏప్రిల్ 24

వదినా,

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి అన్నం సయించడం లేదు. జవాబు ఆలస్యమైంది, మన్నించు.

నేను బడి మానకూడదని అన్నయ్య పద్నాలుగేళ్ళకే మానేశాడు. మంచు పడుతుంటే నన్ను భుజాన వేసుకుని బడి దాకా దింపేవాడు. మా వంశంలో కాలేజీ గుమ్మం తొక్కింది నేనొక్కదాన్నే. ఆ గుమ్మం దాకా మోసుకొచ్చింది ఆయనే. ఆ చేతులే ఇలా చేశాయంటే నా మనసు ఒప్పడం లేదు. నువ్వు అబద్ధమాడావనడం లేదు. బాధలో ఉన్నప్పుడు మనిషికి ప్రతిదీ పెద్దదిగా కనిపిస్తుందేమో.

వంటింట్లో పొంచి కూర్చుని సొంత అన్నను పోలీసులకు పట్టించడం నా వల్ల కాదు. అంతకన్నా మంచి పని చేశాను. ఆయనకే ప్రేమగా ఉత్తరం రాశాను. నీ పేరు ఎత్తలేదు, భయపడకు. "కోపం తగ్గించుకో అన్నయ్యా, పుట్టింటికి దూరంగా ఉన్న ఆడమనిషి నీకు కాక ఇంకెవరికి చెప్పుకుంటుంది" అని మాత్రం రాశాను. ఆయన నా మాట కాదనడు.

ఓపిక పట్టు.

ఎఫీ


బల్‌ఫెర్న్,
జూన్ 1

ఎఫీ,

అక్షరాలు వంకరగా ఉన్నాయి. ఎడం చేత్తో రాస్తున్నాను. ఈ మాత్రం రావడానికి నెల పట్టింది.

నీ ప్రేమ ఉత్తరం అందింది. భోజనాల దగ్గర నా చేతే పైకి చదివించాడు. "ఇంకెవరికి చెప్పుకుంటుంది" అన్న చోట ఆపమన్నాడు. "చెప్పుకున్నావుగా" అన్నాడు. గొంతు పెంచలేదు. "ఏ చేత్తో రాశావే?" అని అడిగాడు. నా కుడి మణికట్టు పట్టుకుని పొయ్యి అంచుకి ఆనించి, మోకాలితో తొక్కాడు. పచ్చికట్టె విరిగినట్టు చప్పుడైంది. డాక్టరు దగ్గరికి పోనివ్వలేదు. దుప్పటి చింపి నేనే కట్టుకున్నాను.

ఇప్పుడు కొత్త పద్ధతి నేర్చాడు. మేడ గడియ పనిచేసే స్థితిలో ఉంచమని మీ ఆఫీసు రాసింది కదా. తుప్పు గీకి నూనె పోశాడు. ఒక్క వేలితో జరుగుతుందిప్పుడు. నా మీద అలిగినప్పుడల్లా అందులోకి తోసి గడియ పెడుతున్నాడు. ఒక్కోసారి మర్నాటికి గాని తీయడు. "చట్టం కాపాడమంది, కాపాడుతున్నా" అంటాడు. కిటికీ లేదు, గోడ మందం నీకు తెలుసు. కేకేస్తే ఆ వందల పావురాల గూళ్ళు నా గొంతుని మింగేస్తున్నాయి.

నేను నిన్ను తిట్టడానికి రాయడం లేదు. తిట్టడానికి కుడిచెయ్యి కావాలి. ఇకమీద మా ఇంటికి ఉత్తరం రాయకు. మరీ రాయాలనుంటే సరుకుల వ్యాను తోలే డాడ్ పేరున రాయి. ఇదీ అతని చేతికే ఇస్తున్నాను, రొట్టె కాగితంలో చుట్టి.

ఇనా


లెర్విక్, షెట్లాండ్,
జూన్ 9

వదినా,

ఆఫీసు పని మీద ఈ దీవికి వచ్చి పదిరోజులైంది. నీ ఉత్తరం ఎడిన్‌బరా తిరిగి ఇవాళ చేతికొచ్చింది. నేనే, నా ఉత్తరమే నీ చెయ్యి విరిచింది.

ఇవాళ్టి పడవ వెళ్ళిపోయింది. రేపు ఎక్కి సోమవారానికల్లా బల్‌ఫెర్న్‌లో ఉంటాను. వంటింట్లో కూర్చుంటాను. నువ్వు చెప్పిన చోటే. చూస్తాను, చూశానని చెప్తాను. మెల్‌డ్రమ్‌కి ఫోను చేశాను. "సోమవారం వస్తున్నారుగా, అప్పుడు చూద్దాం" అన్నాడు.

సోమవారం దాకా ఆయనకి ఎదురు చెప్పకు. ఏదడిగినా సరే అను. బతికుండు.

ఎఫీ


ఫెర్రీడెన్, బెల్ అక్క ఇల్లు,
జూన్ 18

ఎఫీ,

నువ్వు సోమవారం పొలానికి వచ్చేసరికి ఇల్లు ఖాళీగా ఉందని, మేడ కప్పు చూసి నేలమీద కూర్చుండిపోయావని డాడ్ చెప్పాడు. నీ లెర్విక్ ఉత్తరం కూడా అతనే తెచ్చి ఇచ్చాడు. సోమవారం దాకా ఆగమన్నావు. శుక్రవారమే మళ్ళీ గడియ పడింది. ఈసారి నీళ్ళ చెంబు కూడా పెట్టలేదు. తలుపు మూస్తూ, "కోత అయ్యాక తీస్తా" అన్నాడు. కోతంటే ఆగస్టు. వేళాకోళమో కాదో తెలీలేదు. గొంతులో వేళాకోళం లేదు.

శనివారమంతా గోడ నాకుతూ గడిపాను. తడి ఉంటుంది ఉత్తరపు వైపు. ఆదివారం పొద్దున చర్చి గంట వినపడింది. బయటి చప్పుళ్ళలో నాకు లోపలికి వినపడేది అదొక్కటే. అప్పుడు బుద్ధి పనిచేసింది. నా కేక వినని వాళ్ళు దేనికి పరిగెత్తి వస్తారో నాకు తెలుసు కదా, వుల్ టోపీ తీసి మరీ చెప్పి వెళ్ళాడు.

నీ తిరుగుడు నిచ్చెన ఎక్కాను. పై పలకల్ని పట్టి ఉంచేవి ఇనప మేకులు కాదు, చెక్క చీలలు. కుడిచెయ్యి పనికిరాదు, ఎడం చెయ్యి వదిలితే పడతాను. పళ్ళతో లాగాను. ఉన్న పళ్ళతోనే. చీల ఊడాక వీపుతో ఎత్తితే పలక కదిలింది. ప్రార్థన అయిపోయి రెండో గంట కొట్టేదాకా ఆగాను. జనం బయటికి వచ్చి నిలబడే వేళ చూసుకుని మొదటి పలక తోశాను. జారుకుంటూ పోయి కింద భళ్ళున పగిలింది. తర్వాత రెండోది. మూడోది. గంట ఆగినా నేను ఆగలేదు.

వచ్చారమ్మా! ఆదివారం బట్టల్లో బార్లీ చేను తొక్కుకుంటూ ఊరు ఊరంతా వచ్చింది. ముందు వుల్, వెనక పాస్టరు, మెల్‌డ్రమ్ పెళ్ళాన్ని వదిలేసి మరీ. "ఒరేయ్ గిబ్! కప్పు పోతోందిరా! మేడని కూలుస్తున్నావా దుర్మార్గుడా, ఇల్లాల్ని చంపుకుంటావురా!" అని వుల్ అరుస్తున్నాడు. నేను ఆ కన్నంలోంచి తల బయట పెట్టాను. ముఖమంతా రక్తం, దుమ్ము. మొదట నన్ను గుర్తుపట్టలేదు వాళ్ళు.

మీ అన్న ఇంట్లోంచి గడ్డపార పట్టుకుని వచ్చాడు. జనాన్ని చూశాడో లేదో. గడియ తీసి లోపలికి వచ్చి నిచ్చెనని కొట్టడం మొదలుపెట్టాడు. ఒక దెబ్బ నా పాదం మీద పడింది. తెరిచిన తలుపులోంచి అందరూ చూస్తున్నారు. ఒక్కడూ కదల్లేదు.

అప్పుడు నేను అరిచాను. "వుల్ లామంట్! వీడు నన్ను కొట్టడం చూస్తున్నావా?" అన్నాను. వుల్ నేల చూపులు చూశాడు. "పైకి చూడు! చూశానని చెప్పు!" అన్నాను. ఇంకో దెబ్బకి నిచ్చెన విరిగింది. నేను కప్పు దూలం పట్టుకుని వేలాడుతున్నాను.

"చూశాను" అన్నాడు వుల్. చిన్నగా.

"పాస్టరుగారూ, మీరు?"

"చూశానమ్మా."

ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాను ఎఫీ. పిండిమర వాళ్ళ కోడలు ఏడుస్తూ "చూశాను, చూశాను" అంది. ఎప్పటినుంచి చూస్తోందో మరి. ఆఖరున, "మెల్‌డ్రమ్, ఇద్దరు సాక్షులు కావాలన్నావు. లెక్క సరిపోయిందా?" అని అడిగాను. అప్పుడు కదిలాడు. లోపలికి దూరితే మీ అన్న గడ్డపార విసిరాడు, మెల్‌డ్రమ్ భుజం చీలింది. నలుగురు మీదపడి నేలకి అదిమారు. చేతులు వెనక్కి కట్టేదాకా మీ అన్న "నా ఇల్లు, నా పెళ్ళాం" అంటూనే ఉన్నాడు.

నన్ను దింపాక ఒక పెద్దమనిషి మొదట అడిగిన మాటేమిటో తెలుసా? "పలకలు ఎన్ని పగిలాయి?" అని.

మీ ఆఫీసు నన్ను జైల్లో పెడుతుందా? పెట్టినా పరవాలేదు. ఇక్కడ బెల్ అక్క నన్ను చంటిపిల్లలా చూస్తోంది, అది ఇంకా పెద్ద శిక్ష.

ఇనా


ఎడిన్‌బరా,
సెప్టెంబరు 22

వదినా,

ఫోర్ఫర్ కోర్టులో నువ్వు నా వైపు చూడలేదు. చూడమని అడిగే హక్కు నాకు లేదు. అందుకే రాస్తున్నాను.

నేను అన్నయ్య తరఫు సాక్షిగా వచ్చానని నువ్వు అనుకుని ఉంటావు. పిలిచింది ఆయన లాయరే. నేను కాదనకుండా వచ్చింది మాత్రం నా ఇష్టంతో. బోనులోంచి అన్నయ్య నన్ను చూసి నవ్వాడు. చిన్నప్పుడు బడి గేటు దగ్గర దింపి నవ్వినట్టే.

"మీ అన్న ఎలాంటి మనిషి?" అని లాయరు అడిగాడు. "నాకు మంచివాడు" అన్నాను. "ఆయన లేకపోతే మీకు చదువు లేదు, అవునా?" "అవును." "చట్టం కాపాడే మూడు వందల ఏళ్ళ కప్పుని పగలగొట్టిన మనిషికి మతి సరిగా ఉందంటారా? మీరు ఆ ఆఫీసు ఉద్యోగి, చెప్పండి."

దానికోసమే నన్ను పిలిచారని అప్పుడు అర్థమైంది. ఆఫీసు పంపితే ఆ కప్పుని చూసింది నేనే కదా. చూసింది చూసినట్టు చెప్పాను. చీలల మీద పంటిగాట్లున్నాయని. గూళ్ళ అంచుల మీద, నిచ్చెన మెట్ల మీద రక్తం ఎండి ఉందని. ఉత్తరపు గోడ మీద మనిషి నోరు అందే ఎత్తున నాచు పోయి నునుపు తేలిందని. తలుపు లోపలివైపు గోళ్ళ గీతలున్నాయని, వాటిలో కొన్ని పాతవని. "మతి సరిగా ఉన్న మనిషి మాత్రమే ఆ కప్పుని అలా విప్పగలదు. ఒక్క చీల కూడా తప్పు చోట లాగలేదు" అన్నాను. లాయరు కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. "నేను 'నాకు మంచివాడు' అన్నాను. భార్యకి ఎలాంటివాడో కూడా అడగండి" అన్నాను. అడగలేదు. జడ్జిగారు అడిగారు. ఆయన అడిగినదానికి జవాబు నువ్వు విన్నావు.

అన్నయ్య నవ్వడం మానేశాడు. రెండేళ్ళు శిక్ష చదివేటప్పుడు ఆయన నీ వైపు కాదు, నా వైపే చూస్తున్నాడు.

కప్పు మరమ్మతు చేయించమని నీకు నోటీసు పంపాలన్నారు ఆఫీసులో. కారణం అన్న చోట "ప్రాణం దక్కించుకోవడానికి లోపలి మనిషి తొలగించినది" అని రాసి పెద్దాయన బల్ల మీద పెట్టాను. ఇలాంటి కారణం ఎక్కడా లేదు, మార్చమన్నారు. నేను మార్చలేదు. ఉద్యోగం ఉంటుందో లేదో తెలీదు.

నువ్వు ఏప్రిల్‌లో రమ్మన్నప్పుడు నేను రాలేదు. ఆ తర్వాత ఏం చేసినా ఆ రోజుకి సరిపోదు.

ఎఫీ


ఫెర్రీడెన్,
అక్టోబరు 8

ఎఫీ,

కోర్టులో నీ వైపు చూస్తే ఏడుస్తానని చూడలేదు. నేను ఏడిస్తే మీ అన్నకి బలం.

"నాకు మంచివాడు" అన్నావు చూడు, ఆ మాటకి బెల్ అక్క నీ జుట్టు పట్టుకుంటానంది. నాకు కోపం రాలేదు. చెడ్డవాడని మొదలుపెట్టి ఉంటే నిన్ను ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. నేనూ నమ్మేదాన్ని కాదు. నాకూ మొదటి ఏడు మంచివాడేగా.

అలా అని ఏప్రిల్ మాట మర్చిపోలేదు. మర్చిపోయానని అబద్ధం రాయను. ఆ మాట మన మధ్య ఉంటుంది, ఉండనీ. బస్సెక్కి వస్తే మాత్రం గుమ్మంలోంచి పొమ్మనను.

వుల్ ఉత్తరం రాశాడు. ఊళ్ళో అందరూ కలిసి కప్పు మళ్ళీ వేస్తారట. ఏడాదిలోపు నేను పోతానని పాపం వాళ్ళకి భయం. మేడ కప్పు ఊడితే నా కోసం ఇంతమంది దిగులుపడతారని ముందే తెలిస్తే పెళ్ళినాడే ఊడబీకేదాన్ని. నువ్వే వెళ్ళి దగ్గరుండి చూసుకో. చీలలు కొత్తవి వేయించు, పాతవి నేను నమిలేశాను.

పాదం మీద నిలబడగలుగుతున్నాను. పొద్దున్నే రేవుకి పోయి చేపలు శుభ్రం చేస్తున్నాను, ఎడం చేత్తోనే. ఆడవాళ్ళు నా వేగం చూసి వెక్కిరిస్తున్నారు. ఆ వెక్కిరింత హాయిగా ఉంది.

కుడి మణికట్టు వంకరగా అతుక్కుందట. కత్తి పట్టాలంటే మళ్ళీ విరిచి సరిగా కట్టాలన్నాడు ఆసుపత్రి డాక్టరు. కుర్రవాడు, చెవులు ఎర్రబడ్డాయి. "విరిచేముందు మీరు సరేనంటేనే" అన్నాడు. మళ్ళీ అనమన్నాను. ఆయన ఇంకోసారి అడిగాడు. "సరే" అన్నాను. నిన్న విరిచారు. మత్తు దిగాక నొప్పి ప్రాణం తీసింది. అయినా పడుకుని ఒకటే నవ్వు. బెల్ అక్క పిచ్చెక్కిందేమోనని హడలిపోయింది.

అడిగి విరిచారే, ఎఫీ.

ఇనా